హంగరీలో పొడి చేసిన గసగసాలు కొనేవాళ్లకి జాగ్రత్త

బుడాపెస్ట్, డెబ్రెత్సెన్, సెగెద్, పేచ్... హంగరీలో ఎక్కడున్నా, ఇంట్లో మాకోష్ తేస్తా వండుకుందామనుకునే తెలుగువాళ్లందరికీ ఈ హెచ్చరిక. ముందే పొడి చేసి అమ్మే గసగసాల ప్యాకెట్ కొనకండి. ఆన్‌లైన్‌లో అయితే అసలు వద్దు.

ఈ వంటకం తెలియనివాళ్లకి ఒక్క మాట. ఉడికించిన వెడల్పాటి నూడుల్స్‌కి వెన్న పట్టించి, గసగసాల పొడి, చక్కెర పొడి కలుపుకుని తింటారు. తియ్యగా ఉన్నా ఇక్కడివాళ్లకి ఇది భోజనమే. ముందు చిక్కుడు గింజల సూప్ లాంటిది తాగి, ఆ తర్వాత ప్లేటు నిండా ఇదే పెట్టుకుంటారు. బడి పిల్లల మధ్యాహ్న భోజనంలోనూ ఉంటుంది. మనం కోడికూరలో తెల్ల గసాలు నూరి వేస్తాం కదా, ఇక్కడివి నీలం కలిసిన బూడిద రంగులో ఉంటాయి. ఈ వంటలో రుచంతా వాటిదే. అవి బాగాలేకపోతే ఇంకేం వేసినా లాభం లేదు.

నేను ఒక ఆన్‌లైన్ దుకాణంలో దరాల్ట్ మాక్, అంటే పొడి చేసిన గసగసాలు, అని రాసి ఉన్న అర కిలో ప్యాకెట్ తెప్పించాను. విప్పగానే పాత నూనె కంపు కొట్టింది. పొడి పొడిగా జారాల్సింది వేళ్లకి జిడ్డుగా అంటుకుని ఉండలు కట్టింది. చిటికెడు నోట్లో వేసుకుంటే ముందు ఏమీ అనిపించలేదు, కాసేపటికి నాలుక చివర్న చేదు, గొంతులో గరగర. అప్పుడు ప్యాకెట్ తిప్పి చూస్తే తేదీ ఉండాల్సిన చోట తెల్ల స్టిక్కర్ అతికించి ఉంది. గోటితో ఒక మూల లేపాను. కింద ఇంకో తేదీ, ఎప్పుడో దాటిపోయింది.

ఫోటోలు పంపితే బదులు ప్యాకెట్ పంపారు. అది గసగసాల పొడే కాదు, మాక్‌తొల్తెలేక్. రొట్టెల్లో, బేగ్లీ అనే తీపి చుట్టల్లో నింపడానికి చేసే మిశ్రమం. పదార్థాల్లో మొదట చక్కెర, తర్వాత బొంబాయి రవ్వ, మూడోది గసగసాలు. వేడి నూడుల్స్ మీద వేయగానే రవ్వ తడి పీల్చుకుని ఉబ్బి, అంతా బంకగా తయారైంది. పిల్లలు రెండు ముద్దలు తిని పక్కకి తోసేశారు. మళ్లీ అడిగితే, ప్యాకెట్ విప్పేశారు కాబట్టి డబ్బు వెనక్కి రాదన్నారు. మనసు మారి సరుకు వాపసు ఇవ్వడం వేరు, పాడైన సరుకు అంటగట్టడం వేరు. విప్పకుండా కంపు ఎలా తెలుస్తుంది? నాకు నిజంగా కోపం వచ్చింది అక్కడే.

గసగసాల్లో దాదాపు సగం నూనే. గింజగా ఉన్నంతకాలం పైపొర ఆ నూనెని కాపాడుతుంది. నలిగి గాలి తగిలాక త్వరగా ముక్కిపోతుంది. అందుకే ఏ రోజుకి ఆ రోజు పొడి చేసుకోవాలి. మార్కెట్‌లో గింజలు ఎంచుకుంటే మన కళ్ల ముందే మర పట్టి ఇచ్చే కొట్లు ఉంటాయి. పాత ఇళ్లలో మాక్‌దరాలో అని, టేబుల్ అంచుకి బిగించి చేత్తో తిప్పే చిన్న మర కనిపిస్తుంది. అది గింజని నలుపుతుంది, అందుకే వాసన అంత బాగా వస్తుంది. మన మిక్సీలోనూ చేసుకోవచ్చు. చిన్న జార్‌లో కొంచెం కొంచెంగా, ఆపి ఆపి తిప్పాలి. వరసగా తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. రెండు చెంచాల చక్కెర కలిపి తిప్పితే ఆ ఇబ్బంది తగ్గుతుంది. నలుగురికి అర కిలో నూడుల్స్, 150 గ్రాముల గసగసాలు, ఇంచుమించు అంతే చక్కెర పొడి, కాస్త నిమ్మ తొక్క తురుము సరిపోతాయి.

గింజలు కొన్నా లేబుల్ చదవండి. ఎతకెజేషి మాక్ అని ఉంటే తినడానికి అమ్మేవి. ఎవరు ప్యాక్ చేశారో, బ్యాచ్ నంబర్ ఎంతో లేని సరుకు ఎంత చవకైనా వద్దు. ఈ దేశంలో గసగసాల మొక్కని మందుల కోసం కూడా పండిస్తారు. ఎండిన కాయల నుంచి, నొప్పి తగ్గించే మత్తు మందు మార్ఫిన్ తీసే పద్ధతి కనిపెట్టిన కాబాయ్ యానోష్ 1927లో ఆల్కలాయిదా అనే మందుల కర్మాగారం పెట్టింది ఇక్కడే. కాయ పాలు గింజలకి అంటితే మార్ఫిన్ అవశేషాలు ఉండిపోతాయి. అందుకే 2022 జూలై నుంచి యూరోపియన్ యూనియన్‌లో అమ్మే గసగసాల్లో ఇవి కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదని పరిమితి పెట్టారు. ఊరూపేరూ లేని ప్యాకెట్‌ని ఎవరు పరీక్షించి ఉంటారు?

శాకాహారులు నూడుల్స్ ప్యాకెట్ కూడా చూసుకోవాలి. దాని మీద 4 తొయాషోష్, 8 తొయాషోష్ అని ఉంటే కోడిగుడ్లు కలిపినవి. గుడ్డు లేని డూరం గోధుమ రకం కూడా దొరుకుతుంది.

షాపులో కొన్నది పాడైతే వాషార్లోక్ కొన్‌వె అడగండి. కొనుగోలుదారుల ఫిర్యాదుల పుస్తకం అది, అందులో రాసిన దానికి 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. తేదీ మీద స్టిక్కర్ లాంటివైతే ఆహార భద్రత సంస్థ నేబిహ్‌కి చెప్పండి. నేను ఫోటోలతో సహా పంపాను. ప్యాకెట్, బిల్లు పారేయకండి.

ఇంకొకటి, సెలవులకి ఇంటికి వెళ్లేవాళ్లకి. ఇక్కడి గసగసాలు బాగున్నాయని అమ్మకోసం సూట్‌కేసులో పెట్టుకోకండి. మన విమానాలు ఎక్కువగా దుబాయ్, దోహా మీదుగానే వెళ్తాయి. గల్ఫ్ దేశాల్లో గసగసాలు నిషేధం, పట్టుబడితే డ్రగ్స్ కేసు కిందే లెక్క. సింగపూర్‌లోనూ తీసుకెళ్లకూడదు. ఆ మిగిలిన గింజలు ఇక్కడే గాలి చొరని డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లండి.