నాలుగేళ్లు ఎయిర్‌ఫ్లో, ఎంఎల్‌ఫ్లో వాడాక: ఏ మాటకు ఏ అర్థమో తేల్చుకోకపోతే ఏమవుతుందో

నాలుగేళ్లకు పైగా మా టీమ్ మోడళ్లన్నీ (పాత డేటా నుంచి నేర్చుకుని అంచనాలు వేసే ప్రోగ్రామ్‌లు) ఈ రెండింటి మీదే నడుస్తున్నాయి. రోజువారీ పనులను వరసలో నడిపించడానికి ఎయిర్‌ఫ్లో, ట్రెయిన్ చేసిన మోడళ్ల లెక్క రాసిపెట్టుకోవడానికి ఎంఎల్‌ఫ్లో. రెండూ ఓపెన్ సోర్సే. మొదటిది 2014లో ఎయిర్‌బీఎన్‌బీలో పుట్టి తర్వాత అపాచీ ఫౌండేషన్ కిందికి వెళ్లింది, రెండోదాన్ని డేటాబ్రిక్స్ 2018లో బయటపెట్టింది. ఇన్‌స్టాల్ ఎలా చేయాలి, స్క్రీన్లు ఎలా ఉంటాయి అన్నవి ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. ఈ నాలుగేళ్లలో మాకు తగిలిన పెద్ద దెబ్బల్లో సర్వర్ పడిపోవడం వల్ల తగిలినవి చాలా తక్కువ, ఒకే మాటను ఇద్దరు రెండు రకాలుగా అర్థం చేసుకోవడం వల్ల తగిలినవే ఎక్కువ. అందుకే ఈ సమీక్ష ఆ మాటల గురించే.

అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది ఎగ్జిక్యూషన్ డేట్. ఎయిర్‌ఫ్లోలో పనుల వరసను డ్యాగ్ అంటారు, ఏ టాస్క్ తర్వాత ఏ టాస్క్ అని చెప్తాం, తిరిగి మొదటికి వచ్చే దారి ఉండకూడదు, అంతవరకు ఎవరికైనా ఒక పూటలో అర్థమవుతుంది. తేదీ దగ్గరే చిక్కు. రోజుకోసారి నడిచే డ్యాగ్‌లో 14వ తేదీ రన్ అంటే 14న నడిచిన రన్ కాదు, 14వ తేదీ డేటా కోసం నడిచే రన్. ఆ రోజు పూర్తిగా ముగిశాకే, అంటే 15 మొదలయ్యాకే అది కదులుతుంది. (ఆ రోజు ముగియడం కూడా మీరు వేరే చెప్పకపోతే యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) లెక్కన.) పేరు చూస్తే మాత్రం ఎవరైనా నడిచిన తేదీ అనే అనుకుంటారు.

మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు, చాలా శ్రద్ధగా పనిచేసేవాడు, ఫీచర్లు, అంటే మోడల్ చూసే కాలమ్‌లు, తయారుచేసే టాస్క్‌లో ఆ తేదీలోంచి ఇంకో రోజు తీసేశాడు. "అన్నా, 14న నడిచే రన్‌కి 13 వరకే కదా డేటా ఉండేది" అన్నాడు. నాకూ సబబుగానే అనిపించింది, కోడ్ చూసి సరే అన్నాను. ఆ రోజు నుంచి మా మోడల్ ప్రతి ఉదయం ఒక రోజు పాత డేటాతో అంచనాలు వేస్తూ పోయింది. ఎర్రర్ ఏదీ రాలేదు, స్క్రీన్ మీద గడులన్నీ పచ్చగానే ఉన్నాయి. అంచనాల నాణ్యత కాస్త తగ్గితే డ్రిఫ్ట్ (కాలంతో డేటా తీరు మారిపోవడం) అనుకుని మోడల్‌ని రెండుసార్లు మళ్లీ ట్రెయిన్ చేశాం, ఏమీ మారలేదు. చివరికి ఒక సాయంత్రం కూర్చుని ఒక్క కస్టమర్ వరసను మాత్రం చేత్తో లెక్కపెట్టి చూశాను. ఆ మనిషి ముందురోజే కొన్నారు, కాబట్టి చివరి కొనుగోలు ఎన్ని రోజుల క్రితం అన్న కాలమ్‌లో 1 ఉండాలి. మా టేబుల్‌లో 9 ఉంది. ఆ 9ని చూస్తూ కాసేపు అలాగే ఉండిపోయాను, ఎందుకంటే ఐదు వారాలుగా మేము వెతుకుతున్నది అదే.

ట్రెయినింగ్‌లో ఒక రకంగా, వాడుకలో ఇంకో రకంగా ఫీచర్ తయారవడాన్ని ట్రెయినింగ్-సర్వింగ్ స్క్యూ అంటారు. ఆ మాట నాకు అంతకు ముందే తెలుసు, కానీ తెలియడం వేరు, మన టేబుల్‌లో పట్టుకోవడం వేరు. పచ్చ గడికి ఉన్న అర్థం కూడా అప్పుడే బుర్రకెక్కింది: టాస్క్ ఆగిపోకుండా పూర్తయిందని మాత్రమే అది చెప్తుంది, వచ్చిన ఫలితం సరైనదని చెప్పదు. ఎయిర్‌ఫ్లో 2.2 నుంచి ఎగ్జిక్యూషన్ డేట్ అనే పేరును పక్కనపెట్టి లాజికల్ డేట్ అన్నారు, దానితో పాటు డేటా ఇంటర్వెల్ మొదలు, చివర అని రెండు విలువలు ఇచ్చారు. మా కోడ్‌లో ఇప్పుడు ఆ రెండే వాడాలని నియమం పెట్టుకున్నాం. తేదీలోంచి రోజు తీసే, రోజు కలిపే లైన్ ఎక్కడ కనిపించినా రివ్యూలో ఆపేస్తాం.

క్యాచప్, బ్యాక్‌ఫిల్ అన్న మాటలు వింటే ఒకటే అనిపిస్తాయి. బ్యాక్‌ఫిల్ మనం కావాలని పాత తేదీలకు నడిపించేది. క్యాచప్ అనేది డ్యాగ్‌ను ఆన్ చేయగానే, మొదలు తేదీ నుంచి ఈ రోజు దాకా మిగిలిపోయిన రన్‌లన్నిటినీ షెడ్యూలర్ తనంతట తానే నడపడం. ఎయిర్‌ఫ్లో 2 వెర్షన్లలో ఇది మామూలుగా ఆన్‌లోనే ఉండేది. మొదలు తేదీ ఏడాది వెనక్కి రాసి స్విచ్ వేశామంటే మూడు వందల అరవై ఐదు రన్‌లు బయల్దేరతాయి, మామూలు సెట్టింగ్‌లో డ్యాగ్‌కు ఒకేసారి పదహారు చొప్పున. మాకు అది జరిగింది. నిజానికి రన్‌ల సంఖ్య కంటే, మా టాస్క్ టేబుల్‌లో వరసలు చేర్చుకుంటూ పోయేలా రాసి ఉండటమే అసలు నష్టం చేసింది, ఉన్న రోజులన్నీ రెండేసి సార్లు పడ్డాయి. ఐడెంపొటెంట్ అన్న మాట విలువ అక్కడ తెలిసింది. ఒకసారి నడిపినా పదిసార్లు నడిపినా ఫలితం ఒక్కటే అయ్యేలా టాస్క్ రాయాలి, అంటే ఆ తేదీ వరసలు ముందు తీసేసి తర్వాత రాయాలి. ఎయిర్‌ఫ్లో కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను మొదట చెప్పే మాట ఇదే, డ్యాగ్ కంటే ముందే చెప్తాను.

ఎంఎల్‌ఫ్లో సంగతి వేరు. ఎక్స్‌పెరిమెంట్, దాని కింద రన్, రన్‌లో పారామీటర్లు, మెట్రిక్‌లు, ఆర్టిఫాక్ట్‌లు, ఈ భాగం బాగా ఆలోచించి కట్టారు. మనం పెట్టింది పారామీటర్, కొలిస్తే వచ్చింది మెట్రిక్, ఫైలుగా మిగిలింది ఆర్టిఫాక్ట్, అంతే. ఆరు నెలల క్రితం మోడల్‌కి లెర్నింగ్ రేట్ (నేర్చుకునే వేగం) ఎంత పెట్టామో ఎవరినీ అడగకుండా చూసుకోవచ్చు. అయితే రన్ అన్న మాట రెండు పనిముట్లలోనూ ఉంది, రెండు అర్థాలతో. "నిన్నటి రన్ పోయింది" అని మెసేజ్ వస్తే డ్యాగ్ రన్ పోయిందా, ట్రెయినింగ్ రన్ పోయిందా తెలియక టెన్షన్. ఇప్పుడు మా టీమ్‌లో ఉత్త రన్ అనే మాట ఎవరూ రాయరు, ఏ రన్నో చెప్పి తీరాలి.

నా అసలు ఫిర్యాదు ఎంఎల్‌ఫ్లో మోడల్ రిజిస్ట్రీలో (మోడళ్ల వెర్షన్ల జాబితాలో) ఉండిన ప్రొడక్షన్ అనే స్టేజ్ మీద. రిజిస్ట్రీలో ప్రతి మోడల్‌కు వెర్షన్ నంబర్లు ఉంటాయి, ఒక్కో వెర్షన్‌ను స్టేజింగ్, ప్రొడక్షన్, ఆర్కైవ్డ్ అనే స్టేజ్‌లలో ఒకదాంట్లో పెట్టేవాళ్లం. ప్రొడక్షన్ అంటే ఇప్పుడు నడుస్తున్న ఒకే ఒక్క వెర్షన్ అని మేమందరం అనుకున్నాం. కాదు. పాతదాన్ని ఆర్కైవ్ చేయమని విడిగా చెప్పకపోతే ఒకే స్టేజ్‌లో ఎన్ని వెర్షన్లయినా ఉండొచ్చు, ప్రొడక్షన్ మోడల్ ఇవ్వమని అడిగితే వాటిలో పెద్ద నంబర్ ఉన్నది వస్తుంది. మా 9వ వెర్షన్ తేడాగా ఉందని తెలిసి ఒక శుక్రవారం రాత్రి 7వ వెర్షన్‌ను తిరిగి ప్రొడక్షన్‌లోకి తెచ్చాం, స్క్రీన్ మీద 7 పక్కన ప్రొడక్షన్ అని కనిపించింది, అందరం నిశ్చింతగా పడుకున్నాం. శని, ఆదివారాలు రెండు రోజులూ అంచనాలు ఇచ్చింది 9వ వెర్షనే. జాబితాలో కాస్త పైకి చూసి ఉంటే 9 పక్కన కూడా అదే పచ్చ ముద్ర కనిపించేది.

ఎంఎల్‌ఫ్లో 2.9 వెర్షన్‌తో స్టేజ్‌లను వదిలించుకోమని దాన్ని తయారుచేసేవాళ్లే చెప్పారు, వాటి స్థానంలో ఏలియస్‌లు వచ్చాయి. ఏలియస్ అంటే ఒక వెర్షన్‌కు మనం పెట్టుకునే మారుపేరు, ఒక మోడల్‌లో ఒక ఏలియస్ ఒకే వెర్షన్‌ను చూపిస్తుంది. మేము రెండు పెట్టుకున్నాం, పనిచేస్తున్న మోడల్‌కు ఛాంపియన్, దానితో పోటీకి పక్కన నిలబెట్టినదానికి ఛాలెంజర్. వెనక్కి వెళ్లాలంటే ఛాంపియన్‌ను 7 మీదికి మార్చడమే, ఇంకో పని లేదు. ఈ ఒక్క మార్పు కోసమైనా పాత వెర్షన్ల మీద ఉన్నవాళ్లు అప్‌గ్రేడ్ చేసుకోవడం మంచిదని గట్టిగా అంటాను.

సిగ్నేచర్ గురించి కూడా చెప్పాలి. మోడల్‌కు ఏ కాలమ్‌లు, ఏ రకం విలువలు వెళ్లాలో రాసిన ఒప్పందం అది. ట్రెయినింగ్ డేటాలో ఒక కాలమ్ అంతా పూర్ణాంకాలే, ఖాళీలు లేవు, కాబట్టి సిగ్నేచర్‌లో పూర్ణాంకమని పడింది. వాడుకలో ఒక ఖాళీ వచ్చింది, పైథాన్‌లో టేబుళ్ల కోసం వాడే పాండాస్ లైబ్రరీ ఆ కాలమ్ మొత్తాన్ని దశాంశాలుగా మార్చేసింది, ఎంఎల్‌ఫ్లో తలుపు వేసేసింది. తెల్లవారుజామున అలర్ట్ వచ్చినప్పుడు విసుగొచ్చిన మాట నిజమే, కానీ తప్పుడు అంచనా ఇవ్వకుండా గట్టిగా ఆగిపోయింది కాబట్టి నాకు దాని మీద గౌరవమే పెరిగింది. ఖాళీ వచ్చే అవకాశం ఉన్న కాలమ్‌ను మొదటే దశాంశంగా పెట్టండి, సరిపోతుంది.

డ్రిఫ్ట్ అన్న మాటను మాత్రం మా రంగం మొత్తం అరగదీసేసింది. మోడల్ బాగా లేదంటే డ్రిఫ్ట్, ఎందుకో తెలియకపోతే డ్రిఫ్ట్. లోపలికి వచ్చే డేటా తీరు మారితే డేటా డ్రిఫ్ట్, అదే డేటాకు రావాల్సిన జవాబు మారిపోతే కాన్సెప్ట్ డ్రిఫ్ట్. మొదటిదాన్ని వెంటనే కొలవచ్చు. మేము పీఎస్‌ఐ (పాత, కొత్త డేటా తీరుల మధ్య తేడాను చెప్పే అంకె) వాడతాం, 0.1 లోపు ఉంటే వదిలేయడం, 0.25 దాటితే పని ఆపి చూడటం అనేది క్రెడిట్ స్కోరింగ్ వాళ్ల దగ్గర నుంచి వచ్చిన వాడుక లెక్క, శాసనమేమీ కాదు. రెండోదాన్ని పట్టుకోవాలంటే అసలు ఫలితం తెలియాలి. వచ్చే మూడు నెలల్లో కస్టమర్ వెళ్లిపోతారా అని అంచనా వేస్తే నిజం తెలిసేది మూడు నెలల తర్వాతే, ఈలోపు స్క్రీన్ మీద ఎన్ని గ్రాఫ్‌లు గీసినా అది కనపడదు. రీట్రెయిన్ చేసే ముందు పైప్‌లైన్‌లో తప్పు లేదని తేల్చుకోవడం మా టీమ్‌లో ఇప్పుడు తప్పనిసరి, ఆ కస్టమర్ కాలమ్‌లోని 9 నేర్పిన అలవాటు అది.

మిగతావి క్లుప్తంగా. ఎక్స్‌కామ్ టాస్క్‌ల మధ్య చిన్న చీటీలు పంపుకోవడానికి, అవి ఎయిర్‌ఫ్లో సొంత మెటాడేటా డేటాబేస్‌లో పడతాయి, కాబట్టి అందులో టేబుల్‌ను కుక్కకండి, ఫైల్ ఎక్కడుందో దారి పంపండి. సెన్సర్లు (ఏదో ఒకటి జరిగేదాకా ఎదురుచూసే టాస్క్‌లు) మామూలుగా ఎదురుచూసినంతసేపూ వర్కర్ స్లాట్‌ను, అంటే టాస్క్ నడిచే చోటును, పట్టుకుని కూర్చుంటాయి, గడువు కూడా మార్చకపోతే ఏడు రోజులు, రీషెడ్యూల్ పద్ధతిలో పెట్టుకుంటే స్లాట్ మధ్యమధ్యలో ఖాళీ అవుతుంది. ఎంఎల్‌ఫ్లో స్క్రీన్‌లో రన్‌ను డిలీట్ చేస్తే ఫైళ్లు పోవు, చెత్త తీసేసే జీసీ కమాండ్ విడిగా నడపాలి, మేము అది తెలుసుకునేసరికి స్టోరేజ్ నిండిపోయింది.

ఒకటో రెండో మోడళ్లు, నెలకోసారి ట్రెయినింగ్ ఉన్నవాళ్లకు ఎయిర్‌ఫ్లో అక్కర్లేదు, క్రాన్ (లినక్స్‌లో వేళకు పని నడిపే పనిముట్టు) చాలు, ఎయిర్‌ఫ్లోను బతికించుకోవడమే ఒక ఉద్యోగం అవుతుంది. ఎంఎల్‌ఫ్లో మాత్రం ఒక్క మోడల్ ఉన్నా పెట్టుకోండి, అయితే మొదటి రోజే దాని వెనకాల డేటాబేస్ పెట్టి అందరికీ ఒకే సర్వర్ ఉండేలా చూడండి. మేము మొదటి కొన్ని నెలలు ఎవరి ల్యాప్‌టాప్‌లో వాళ్లకు ఫోల్డర్‌గా రాసుకున్నాం, ఆ నెలల చరిత్ర ఇప్పటికీ ఒక చోటికి చేరలేదు.

ప్రస్తుతం ఎయిర్‌ఫ్లో 3కి మారే పనిలో ఉన్నాం. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఆ వెర్షన్‌లో ఎగ్జిక్యూషన్ డేట్‌ను పూర్తిగా తీసేశారు, క్యాచప్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, రెండూ మంచి మార్పులే. కానీ క్రాన్ పద్ధతిలో రాసిన షెడ్యూల్‌కు లాజికల్ డేట్ ఇప్పుడు నడిచే సమయాన్నే చూపిస్తుంది, డేటా ఇంటర్వెల్ వెనకటిలా కావాలంటే సెట్టింగ్ మార్చుకోవాలి. అంటే ఆ రోజు ఆ కుర్రాడు అనుకున్న అర్థమే ఇప్పుడు మామూలు అర్థమైంది. ఇన్నేళ్లు మేము రాసుకున్న డ్యాగ్‌లన్నీ పాత అర్థం మీద నిలబడి ఉన్నాయి కాబట్టి ఒక్కోదాన్నీ తెరిచి తేదీ తగిలిన ప్రతి లైనూ చూస్తున్నాం, ఆ పని అతనే చేస్తున్నాడు, సగం దాకా వచ్చాడు.