ఎనుముల షెడ్డుకు గాలిమర: ఆరేళ్లు వాడాక చెప్తున్న మాట

అనంతపురం జిల్లా ఉరవకొండ వైపు నల్లరేగడి పొలంలో మాది 22 ముర్రా జాతి ఎనుముల (గేదెల) డెయిరీ. 2019 జూన్‌లో షెడ్డు కరెంటు కోసం 3 కిలోవాట్ల చిన్న గాలిమర పెట్టించాను. టవర్, బ్యాటరీలు, ఇన్వర్టర్, కూలీలు అన్నీ కలిపి 4 లక్షల 20 వేలు అయింది. ఆరేళ్లు దాటింది. పశువుల ఫారం పెట్టుకున్నవాళ్లు, పెట్టబోయేవాళ్లు దీని గురించి తరచుగా అడుగుతున్నారు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

రామగిరి కొండల మీద 1990ల నుంచే పెద్ద గాలిమరలు తిరుగుతున్నాయి. వాటిని చూస్తూ పెరిగినవాణ్ణి, అంత గాలి ఉన్న నేల మీద కరెంటు కోసం ఎదురుచూడటం ఏమిటని ఎప్పుడూ అనిపించేది. అయితే ఇప్పటి పెద్ద మరల రెక్కలు 80 మీటర్ల పైన ఉన్న ఇరుసు మీద తిరుగుతాయి. అక్కడ వీచే గాలి వేరు, మన వేపచెట్టు పక్కన వీచే గాలి వేరు. ఈ తేడా నాకు తెలియడానికి ఒక ఏడాది పట్టింది.

మొదట టవర్‌ను షెడ్డు పక్కనే, 40 అడుగుల ఎత్తులో నిలబెట్టాం. కేబుల్ ఖర్చు కలిసొస్తుందని అమ్మినవాళ్లు చెప్పారు, నేనూ సరేనన్నాను. షెడ్డుకు పడమర పక్క వరసగా వేపచెట్లున్నాయి. ఎనుములకు వడగాలి, దుమ్ము కొట్టకుండా మా నాన్న నాటినవి. ఆషాఢంలో మాకు గాలి వచ్చేది ఆ పడమర నుంచే. చెట్లు దాటి వచ్చిన గాలి సుళ్లు తిరిగేది. మర ఒకసారి ఇటు, ఒకసారి అటు ముఖం తిప్పుకుంటూ ఉండేది తప్ప స్థిరంగా తిరిగేది కాదు. మంచి గాలి రోజుల్లో కూడా 8 యూనిట్లు దాటలేదు. పశువులకు చెట్లు కావాలి, మరకు చెట్లు ఉండకూడదు. పశువుల ఫారంలో గాలిమర పెట్టాలనుకునేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

2020లో దాన్ని 100 మీటర్ల అవతల ఉన్న దిబ్బ మీదికి మార్చి, టవర్ 60 అడుగులు చేశాను. మందం కేబుల్‌కు, కొత్త పునాదులకు ఇంకో 70 వేలు పోయాయి. అదే మర, అవే రెక్కలు. ఆ జూలైలో సగటున రోజుకు 20 యూనిట్లు వచ్చాయి. గాలి వేగం రెట్టింపైతే దానిలోని శక్తి ఎనిమిది రెట్లు అవుతుంది. నాలుగు మీటర్ల వ్యాసం ఉన్న నా మర సెకనుకు 5 మీటర్ల గాలిలో మూడు వందల వాట్లకు దగ్గరగా ఇస్తే, 10 మీటర్ల గాలిలో రెండు వేలు దాటుతుంది. రెక్కల కింది కొస, 300 అడుగుల లోపు ఉన్న చెట్టూ కప్పూ అన్నిటికన్నా కనీసం 30 అడుగులు పైన ఉండాలంటారు. ఆ లెక్క ముందే తెలిసుంటే 70 వేలు మిగిలేవి.

ఏడాది మొత్తానికి నాకు వచ్చేది సుమారు 2,900 యూనిట్లు. అందులో మూడింట రెండొంతులు జూన్ నుంచి సెప్టెంబరు లోపే వస్తాయి. కార్తీకం వచ్చేసరికి రోజుకు మూడు యూనిట్లు వస్తే గొప్ప. అందుకే 2021లో షెడ్డు మీద 3 కిలోవాట్ల సోలార్ కూడా వేశాను. దానికి అయింది లక్షా 60 వేలు, అది ఏడాదికి నాలుగు వేల యూనిట్ల పైనే ఇస్తోంది. డబ్బు లెక్క ఒక్కటే చూస్తే సోలారే మేలు, ఇందులో దాచేదేమీ లేదు. యూనిట్ 7 రూపాయలు వేసుకున్నా గాలిమర ఏడాదికి 20 వేలు మిగులుస్తుంది. పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ఇరవై ఏళ్లకు పైనే పడుతుంది.

అయినా నేను దాన్ని తీసెయ్యను. ముసురు పట్టి సోలార్ పడుకున్న రోజుల్లో, గాలివానకు లైను తెగిన రాత్రుల్లో మా షెడ్డులో ఫ్యాన్లు తిరిగేది దీనివల్లే. తెల్లవారుజామున నాలుగున్నరకు పాలు పితికే మిషన్ ఆగదు. ఎనుము చేపుకొచ్చాక మిషన్ మధ్యలో ఆగితే పాలు వదలకుండా ఎగబట్టేస్తుంది, ఆ పూటకు నష్టం, పొదుగుకూ మంచిది కాదు. ఆ టెన్షన్ పోయింది. దానికి వెల కట్టమంటే కట్టలేను.

నాకు బాగా నచ్చింది ఇంకొకటుంది. బ్యాటరీలు నిండాక మిగిలే కరెంటును ఎక్కడో ఒకచోట ఖర్చు పెట్టాలి, లేకపోతే మర అదుపు తప్పుతుంది. మామూలుగా దాన్ని తీగచుట్టల్లో వేడిగా వదిలేస్తారు. నేను దాన్ని నీళ్ల డ్రమ్ములో హీటరుకు కలిపించాను. ఒక యూనిట్‌తో 20 లీటర్ల నీళ్ల వేడి ఉన్నదానికన్నా 40 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. శ్రావణంలో పొద్దున్నే పొదుగులు కడగడానికి, పాల క్యాన్లు తోమడానికి వేడినీళ్లు సిద్ధంగా ఉంటాయి. కట్టెలు మానేశాం.

ఇబ్బందులూ చెప్పాలి. గడ్డి ముక్కలు చేసే చాఫ్ కట్టర్ 2 హెచ్‌పీ మోటారు స్టార్ట్ చెయ్యగానే 5 కేవీఏ ఇన్వర్టర్ ట్రిప్ అయ్యేది. మోటారు లేచేటప్పుడు లాగే కరెంటు, నడిచేటప్పటికి ఐదారు రెట్లు ఉంటుంది. దాన్ని లైనుకే వదిలేశాను. 2022 జూలైలో పిడుగు దెబ్బకు, మర నుంచి వచ్చే కరెంటును అదుపు చేసే కంట్రోలర్ పోయింది. అమ్మినవాళ్లు ఈ వారం, వచ్చే వారం అంటూ 47 రోజులు తిప్పారు. ఏడాదిలో మంచి గాలి అంతా ఆ రోజుల్లోనే పోయింది, ఆ బాధ ఇప్పటికీ ఉంది. ఎర్తింగ్ మూడు చోట్ల దింపించింది దాని తర్వాతే. ట్యూబులర్ బ్యాటరీలు నాలుగేళ్లకు మార్చాను.

టవర్ పడిపోకుండా చుట్టూ లాగి కట్టే స్టే వైర్ల సంగతి ఎవరూ చెప్పరు. ఒకరోజు మర చప్పుడు తేడాగా ఉంటే దిబ్బ మీదికి వెళ్లి చూశాను. మా పెద్ద ఎనుము కళ్లు మూసుకుని స్టే వైరుకు మెడ రుద్దుకుంటోంది. రుద్దినప్పుడల్లా టవర్ పైదాకా సన్నగా వణుకు పోతోంది. కింద వైరును బిగించే టర్న్‌బకిల్ నాలుగు చుట్లు వదులైంది, వైరంతా వెంట్రుకలు. ఆ సాయంత్రమే నాలుగు వైర్ల చుట్టూ కంప వేశాం. నల్లరేగడి ఎండలో నెర్రెలిచ్చి, వానకు ఉబ్బుతుంది కాబట్టి వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి వైర్ల బిగువు చూసుకోవాల్సిందే. టవర్‌ను ట్రాక్టరుతో కిందికి వంచే రకం తీసుకోండి. ఏటా బేరింగులకు గ్రీజు పెట్టాలంటే 60 అడుగులు ఎక్కే మనిషి దొరకడు.

మర చప్పుడుకు, నీడకు పశువులు బెదరవా అని చాలామంది అడుగుతారు. మొదటి నాలుగు రోజులు రెక్కల నీడ దొడ్డిలో పడినప్పుడు ఎనుములు బెదిరాయి, పాలు కొంచెం తగ్గాయి. వారానికి అలవాటుపడ్డాయి.

గాలి సంగతి తేల్చుకోకుండా, పేడ అంతగా వచ్చే ఇంట్లో గోబర్ గ్యాస్ లేకుండా, గాలిమర కొనొద్దని నేను చెప్తాను. రోజుకు 50 కిలోల పేడ ఉంటే 2 ఘనపు మీటర్ల ప్లాంటు నడుస్తుంది. అది ముందు, సోలార్ తర్వాత, గాలిమర ఆఖరున.

పక్క ఊరిలో గొర్రెల ఫారం పెట్టిన మా బావమరిది సంక్రాంతికి వచ్చి, కంపెనీవాళ్లకు అడ్వాన్సు ఇస్తానన్నాడు. నా దగ్గరున్న గాలి మీటరు తీసుకెళ్లి, వాళ్ల పొలంలో 60 అడుగుల పైపుకు ఇద్దరం కలిసి కట్టాం. రోజూ రాత్రి రీడింగ్ ఫోన్‌లో పంపుతున్నాడు. ఆషాఢం, శ్రావణం రెండు నెలల లెక్క చేతికొచ్చాకే అడ్వాన్సు సంగతి మాట్లాడదామన్నాను.