పరిణామం ఎటు: తగ్గడమా, పెరగడమా?

హైదరాబాద్‌లో ఏ కంచె మీదైనా పసుపుపచ్చ సేమియాలా బంగారు తీగ కనిపిస్తే దగ్గరకెళ్లి చూడండి. ఆకుల్లేవు, నేలలో వేరూ లేదు. చిలగడదుంప కుటుంబంలోదే ఇది. మొలకెత్తగానే పక్క మొక్కను చుట్టుకుని, దాని కాండంలోకి పీల్చే వేళ్లు దింపుతుంది. ఆ తర్వాత సొంత వేరు ఎండిపోతుంది. చిన్న ముక్క మిగిలినా మళ్లీ అల్లుకుంటుంది కాబట్టి, తీగను లాగితే చాలదు, పట్టిన కొమ్మను కిందికంటా కోయాలి.

తిండి ఇంకొకరు పెడుతుంటే జన్యువు పాడైనా నష్టం తెలియదు. పరిణామంలో జీవి సరళమవడం, అంటే తగ్గడం, అలా మొదలవుతుంది. టీబీ బ్యాక్టీరియాలో జన్యువులు సుమారు 4,000. దాని దగ్గరి బంధువైన కుష్ఠు బ్యాక్టీరియాలో పనిచేసేవి దాదాపు 1,600 మాత్రమే. మరో 1,100కు పైగా పాడైపోయి అలాగే పడున్నాయి. దాని మూల్యమూ చిన్నది కాదు. టీబీ బ్యాక్టీరియా దాదాపు 20 గంటలకోసారి రెండవుతుంది, కుష్ఠుదానికి రెండు వారాలు పడుతుంది. ల్యాబ్ ప్లేటులో అది అసలు పెరగదు, ఎలుక పాదం లాంటి చోట, బతికున్న జంతువులోనే పెంచాలి.

మరి పెరగడం, అంటే సంక్లిష్టమవడం? 2012లో వెలువడిన ప్రయోగంలో ఏకకణ ఈస్టును ద్రవంలో పెంచి, రోజూ త్వరగా అడుక్కి దిగినవాటినే కొత్త ద్రవంలోకి మార్చారు. బరువైన గుత్తులు ముందు దిగుతాయి. 60 రోజుల్లో మంచు రేకుల్లాంటి బహుకణ గుత్తులు తయారయ్యాయి. కారణం తర్వాత తేలింది: పిల్ల కణాన్ని తల్లి నుంచి విడదీసే పనిలో ఉన్న ఏస్2 జన్యువు పాడవడం! పెరుగుదలకూ ఒక నష్టమే దారి తీసింది.

నా లెక్కలో తగ్గడమే సులువు. జన్యువు పాడవడానికి ఒక్క మార్పు చాలు, కొత్త పని నేర్వడానికి చాలాసార్లు కొన్ని కలిసి రావాలి. అయినా సంక్లిష్ట జీవులు పుట్టాయంటే కారణం, తొలి కణం కంటే సరళంగా మారడానికి చోటు లేదు, సంక్లిష్టం కావడానికే ఉంది. ఈనాటికీ లెక్కకు మించి ఉన్నవి బ్యాక్టీరియాలే.

ఒక్క ప్రాణిలోనే రెండు దారులూ చూడాలంటే మలేరియా పరాన్నజీవిని తీసుకోండి. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ ఇక్కడి బేగంపేటలోనే దాన్ని దోమ పొట్టలో చూశాడు. దోమలో, మన కాలేయంలో, ఎర్ర రక్తకణాల్లో వేర్వేరు రూపాలు దానికి. ఫాల్సిపారం రకంలో మన రోగనిరోధక శక్తిని ఏమార్చే వార్ జన్యువులే సుమారు 60. అదే కణంలో నాలుగు పొరల సంచి ఒకటుంది, ఏపికోప్లాస్ట్. పూర్వం మింగిన నాచు మిగులు అది. ఎండతో ఆహారం చేసే పని పోయింది, ఒక తప్పనిసరి ముడిపదార్థం తయారీ మిగిలింది. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ దెబ్బ తగిలేది దానికే. మందు పడిన తరం బతుకుతుంది, దాని పిల్లలు చనిపోతాయి. ఈ ఆలస్యం వల్లే మలేరియా చికిత్సకు డాక్సీసైక్లిన్ ఒక్కదాన్నే ఇవ్వరు.