పాత పేట: భవనం మొత్తం నిలపాలా, ముందుగోడ ఒక్కటే ఉంచాలా?

చారిత్రక పేటను కింద దుకాణాలు, పైన ఇళ్లుగా మార్చడానికి దారులు రెండు. దూలాలు గట్టిగా ఉంటే భవనం మొత్తం నిలపడమే మేలు. ఇంటి అంతస్తుకు చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువు లెక్కిస్తే, దుకాణానికి 400. అందుకే దుకాణాలు కిందే ఉండాలి. సున్నపు గోడకు సిమెంటు పూశారా, లోపలి చెమ్మ బయటికి పోదు. ఉప్పు పేరుకుని ఇటుక పొడిపొడిగా రాలుతుంది. మళ్లీ సున్నమే పూయాలి.

ముందుగోడ మాత్రమే ఉంచితే లిఫ్టు, రెండో మెట్లదారి, పార్కింగు సులువే. కానీ వెనుక భాగం కూల్చకముందే గోడకు ఉక్కు చట్రం ఆనించాలి. కొత్త పునాది, పాత పునాది ఒకేలా కుంగవు. మధ్యలో కదలికకు సందు వదలకపోతే గోడ చీలుతుంది. కొత్త స్లాబు పాత కిటికీకి అడ్డంగా వస్తే వీధిలోంచే కనిపిస్తుంది. చాలాచోట్ల జరిగేది అదే.