క్రాష్ తర్వాత అప్‌డేట్ ఎక్కట్లేదా? విండోస్‌లోనే ఉన్న రిపేర్ టూల్స్ మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, డిస్మ్ (DISM), ఎస్‌ఎఫ్‌సీ (SFC) అనే రెండు రిపేర్ కమాండ్ల జంటకి 5కి 4 స్టార్లు ఇస్తా, సమస్యని తనే వెతికి సరిచేస్తానే ట్రబుల్‌షూటర్ బటన్‌కి 2 మాత్రమే.

కంప్యూటర్ ఉన్నట్టుండి క్రాష్ అయి మళ్లీ ఆన్ అయ్యాక అన్నీ బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి, అప్‌డేట్ మాత్రం డౌన్‌లోడ్ అయి, రీస్టార్ట్ అయి, సగం దాకా వెళ్లి 'అన్‌డూయింగ్ ఛేంజెస్' అంటూ మళ్లీ మొదటికొస్తుంది. ఇక ఎవరిని అడిగినా ఫార్మాట్ కొట్టేయమంటారు. దయచేసి అప్పుడే ఆ పని చేయకండి.

ట్రబుల్‌షూటర్ సర్వీసులు రీసెట్ చేయడం లాంటి పైపై పనులకు పర్వాలేదు. క్రాష్ వల్ల సిస్టమ్ ఫైళ్లే పాడైతే అది చాలదు. అక్కడే డిస్మ్ కావాలి. విండోస్ ఫోల్డర్‌లో విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ (WinSxS) అని ఒకటుంటుంది, సిస్టమ్ మొత్తానికీ స్పేర్ పార్టుల గోడౌన్ లాంటిది. అప్‌డేట్లు దాని మీద ఆధారపడే ఎక్కుతాయి. ఎస్‌ఎఫ్‌సీ పాడైన ఫైలు బదులు మంచిది తెచ్చుకునేదీ అక్కడి నుంచే. ఆ గోడౌనే పాడైతే? ఎర్రర్ కోడ్ చివర 73712 అని కనిపిస్తే సమస్య సరిగ్గా అదే. అప్పుడు ఎస్‌ఎఫ్‌సీ ఒక్కటే నడిపితే, పాడైన ఫైళ్లు దొరికాయి కానీ కొన్నిటిని బాగుచేయలేకపోయాను అని చెప్పి ఊరుకుంటుంది, చాలామంది అక్కడితో ఇదంతా దండగ అని తేల్చేస్తారు. అది టూల్ తప్పు కాదు, వరుస తప్పు. ముందు డిస్మ్‌లో రీస్టోర్‌హెల్త్ (RestoreHealth) నడిపి గోడౌన్‌ని బాగుచేయాలి, అది పూర్తయ్యాకే ఎస్‌ఎఫ్‌సీ స్కానౌ (scannow). రెండూ అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లోనే. డిస్మ్ మధ్యలో 62.3 శాతం దగ్గర చాలాసేపు కదలకుండా ఉండిపోతుంటుంది, హ్యాంగ్ అయిందని టెన్షన్ పడి మూసేయకండి.

వీటన్నిటికంటే ముందు డిస్క్ చూసుకోవాలి. క్రాష్‌కి కారణం డిస్కే అయితే ఎన్ని రిపేర్లు చేసినా నిలవవు. ముఖ్యమైన ఫైళ్లు వేరే చోటికి కాపీ చేసుకుని, డిస్క్‌లో తప్పులు వెతికే చెక్‌డిస్క్ (chkdsk) నడిపి, ఆ తర్వాతే మిగతావి.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, డిస్మ్ మామూలుగా మంచి ఫైళ్లను విండోస్ అప్‌డేట్ నుంచే తెచ్చుకుంటుంది. ఆ అప్‌డేటే పనిచేయనప్పుడు ఎక్కడి నుంచి తెస్తుంది? సోర్స్ దొరకలేదని 081ఎఫ్‌తో ముగిసే కోడ్ ఇచ్చి ఆగిపోతుంది. అప్పుడు మీ దగ్గరున్న వెర్షన్, భాష సరిపోయే ఐఎస్‌ఓని (విండోస్ ఇన్‌స్టాల్ డిస్క్ మొత్తం ఒకే ఫైలుగా ఉండేది) మౌంట్ చేసి, అంటే డ్రైవ్‌లా తెరిచి, అందులోని ఇన్‌స్టాల్ ఫైల్‌ని సోర్స్‌గా మనమే చూపించాలి. దారి ఉంది, కానీ ఆ స్క్రీన్ మీద ఈ విషయం చెప్పే ముక్క ఒక్కటైనా సూటిగా ఉండదు, సీబీఎస్ లాగ్ (రిపేర్‌లో ఏం జరిగిందో రాసి ఉండే ఫైలు) తెరిచి చదువుకోమంటే మామూలు మనిషికి ఏం అర్థమవుతుంది? అయినా విండోస్ 7 రోజుల్లో ఈ గోడౌన్ రిపేర్‌కి వేరే టూల్ డౌన్‌లోడ్ చేసుకోవాల్సి వచ్చేది, విండోస్ 8 నుంచి లోపలే ఉంది, ఆ మెరుగుదలని ఒప్పుకోవాలి.

ఒక్కోసారి పాడైంది సగం దిగిన డౌన్‌లోడ్ మాత్రమే అయి ఉంటుంది. విండోస్ అప్‌డేట్ సర్వీసునీ, బిట్స్‌నీ (వెనకాల డౌన్‌లోడ్లు చూసుకునే సర్వీసు) ఆపి, డౌన్‌లోడ్లు దాచుకునే సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్ పేరు మార్చి రీస్టార్ట్ చేస్తే చాలు, కొత్త ఫోల్డర్ అదే తయారవుతుంది. అప్‌డేట్ హిస్టరీ ఖాళీగా కనిపించినా, ఎక్కిన అప్‌డేట్లు ఎక్కడికీ పోవు.

ఇవేవీ పనిచేయకపోతే, విండోస్ 11లో 22హెచ్2 వెర్షన్ నుంచి సెట్టింగ్స్‌లోని రికవరీ పేజీలో 'రీఇన్‌స్టాల్ నౌ' అనే ఆప్షన్ వచ్చింది. ఫైళ్లు, యాప్‌లు, సెట్టింగ్స్ ఉంచేసి సిస్టమ్‌ని మళ్లీ వేస్తుంది. అప్‌డేట్ అసలు డౌన్‌లోడే కాకపోతే ఐఎస్‌ఓలోని సెటప్ నడిపి అదే పని చేయించవచ్చు. మొదలుపెట్టే ముందు బిట్‌లాకర్ (డిస్క్‌ని లాక్ చేసే విండోస్ ఫీచర్) రికవరీ కీ చేతిలో ఉందో లేదో చూసుకోండి. ఒక్క క్లిక్‌తో అన్నీ బాగుచేస్తామంటూ డబ్బులడిగే రిపేర్ సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం వెళ్లకండి.