హెవీ ఏడ నేర్చుకుంటే మేలు: ప్రైవేటు స్కూలా, ఆర్టీసీనా, క్లీనర్ సీటా?

కర్నూలు, అనంతపురం, కడప కుర్రోళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. కారు లైసెన్సు వచ్చి ఏడాది దాటింది, 20 ఏళ్లు నిండాయి, హెవీ (లారీ, బస్సు) ఏడ నేర్చుకోవాలి అన్నా? ఏ దారిలో పోయినా ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు), మెడికల్ సర్టిఫికెట్, ఫారం 5 (శిక్షణ పూర్తయిందని స్కూలు ఇచ్చే సర్టిఫికెట్) తప్పవు. తేడా వచ్చేది స్టీరింగ్ పట్టుకున్న గంటల్లో. అందులోనూ లోడు బండి మీద గడిచిన గంటల్లో.

ప్రైవేటు స్కూలుతో సుఖం ఏమిటంటే ఊళ్లోనే ఉంటుంది, ఆర్టీవో ఆఫీసు పని వాళ్లే చూసుకుంటారు. హెవీకి రూలు 30 రోజులు, కనీసం 15 గంటలు స్వయంగా నడపాలి. అంటే రోజుకు అరగంట. గంట ట్రిప్పులో నలుగురిని ఎక్కిస్తే మనిషికి పావుగంటే, నెలకు ఏడున్నర గంటలే. కాబట్టి ఫీజు అడిగే ముందు బండికి ఎంతమందో అడగండి. రాకపోయినా ఫారం 5 ఇస్తామనే చోట అసలు చేరొద్దు.

ఆర్టీసీ హెవీ స్కూల్లో బండి బస్సు, నేర్పేది బస్సు డ్రైవర్లకు శిక్షణ ఇచ్చిన మనిషి. బస్సులో మన సీటు ముందు చక్రాల కంటే ముందుంటుంది. కారు అలవాటుతో మలుపు దగ్గర తొందరగా తిప్పితే వెనక చక్రం లోపలి గట్టెక్కుతుంది, తోక అవతలి పక్కకు ఊగి బైకును కొడుతుంది. ఈ కొలత కంటికి పట్టాలంటే బస్సు మీదే నేర్వాలి. డిపోలో కాబట్టి బ్రేకులకు గాలిచ్చే ఎయిర్ ట్యాంకులో చేరిన నీళ్లు వదలడం, బ్రేకులు అడ్జస్ట్ చేయడం కళ్లారా చూడొచ్చు. స్కూలు వరకైతే నా ఓటు దీనికే.

అయితే రెండు చోట్లా నేర్చుకునేది ఖాళీ బండి మీదే. లైసెన్సులో మాత్రం "ట్రాన్స్‌పోర్ట్" అనే ఉంటుంది. ఆరు టైర్ల ఖాళీ లారీ మీద పాసైనవాడు మరునాడే 28 టన్నుల పది టైర్ల బండి ఎక్కొచ్చు. తాడిపత్రి బండలైనా, ఎర్రగుంట్ల సిమెంటైనా వేసుకుని ఘాట్ దిగేటప్పుడు అసలు పరీక్ష. రాయచోటి వైపు నుంచి కడపకు దిగే గువ్వలచెరువు ఘాట్‌నే చూడండి. పై గేరులో దిగుతూ కాలు బ్రేకు మీదే పెట్టుకుంటే డ్రమ్ములు కాలి, బ్రేకు లైనర్లు పట్టు వదులుతాయి, ట్యాంకులో గాలీ తగ్గిపోతుంది. అప్పుడు కంగారుగా కింది గేరు వేయబోతే ఆ వేగంలో గేరు పడదు, బండి న్యూట్రల్‌లో మిగిలిపోతుంది. ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. కాబట్టి దిగుడు మొదలవకముందే, పైనే, ఆ లోడుతో ఎక్కడానికి ఏ గేరు కావాలో ఆ గేరు వేసుకోవాలి. ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజను పొగను అడ్డుకుని బండి వేగం తగ్గించేది) ఆన్ చేయాలి. కాలి బ్రేకును గట్టిగా కాసేపు నొక్కి వదలాలి, నొక్కిపెట్టి ఉంచకూడదు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించే అలవాటు ఎవరు నేర్పినా నేర్చుకోవద్దు. ఖాళీ బండి దిగేటప్పుడు బ్రేకుల మీద అంత భారం పడదు, అందుకే ఇవేవీ దాని మీద తెలిసిరావు.

ఇది నేర్పేది క్లీనర్ సీటే. లోడు కట్టే తాడు, కప్పే పట్టా, టైర్ల వేడి, ఘాట్లో సీనియర్ డ్రైవరు ఏ మలుపు ముందు ఏ గేరు వేస్తాడన్నదీ అక్కడే చూస్తాం. కాకపోతే ఎల్‌ఎల్‌ఆర్ లేకుండా రాత్రిపూట డ్రైవరుకు నిద్రొస్తోందని స్టీరింగ్ అందుకోవద్దు. ప్రమాదం జరిగితే కేసు మీ మీద, పరిహారం భారం ఓనరు మీద పడతాయి. ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నా సరే, పక్కన హెవీ లైసెన్సున్న మనిషి కూర్చుని నేర్పాలి, బండికి ఎల్ బోర్డు ఉండాలి.

నన్నడిగితే ముందు ఆర్టీసీ స్కూలు, లైసెన్సు చేతికొచ్చాక కనీసం ఆరు నెలలు ఘాట్లు తిరిగే లోడు బండిలో సీనియర్ పక్కన. ఆ ఆరు నెలల జీతం తక్కువైనా ఒప్పుకోండి.

అక్రెడిటెడ్ (ప్రభుత్వ గుర్తింపున్న) శిక్షణ సెంటర్లు కూడా ఉన్నాయి: 6 వారాలు, 38 గంటలు, సిమ్యులేటర్, పాసైతే ఆర్టీవో ట్రాక్ టెస్టు ఉండదు. దగ్గర్లో ఉంటే మంచిదే. గ్యాస్, పెట్రోల్ ట్యాంకర్లు నడపాలంటే లైసెన్సు వచ్చాక ప్రమాదకర సరుకుల మీద 3 రోజుల కోర్సు చేసి, లైసెన్సులో నమోదు చేయించుకోవాలి.