కొన్నేళ్లుగా మా వంటింట్లో ఉన్న ఎర్ర డబ్బా: యావతాయా ఇసోగోరో షిచిమి

టోక్యోకు వచ్చిన కొత్తలో షిచిమి (ఏడు దినుసుల జపనీస్ మసాలా పొడి) అంటే నూడుల్స్ షాపు టేబుల్ మీద ఉండే కారం అనుకునేవాణ్ణి. నాగానోలోని జెన్‌కోజి గుడికి వెళ్లినప్పుడు యావతాయా ఇసోగోరో అనే దుకాణం వాళ్ల షిచిమి డబ్బా కొన్నాను. అప్పటి నుంచి మా ఇంట్లో అది అయిపోకుండా చూసుకుంటున్నాం.

ఇందులో ఏడు దినుసులు ఉంటాయి. మిరప, సాన్షో (జపాన్ మిరియాలు), అల్లం, ఎండు కమలా తొక్క, నువ్వులు, షిసో అనే సువాసన ఆకు, గంజాయి జాతి మొక్క గింజలు. ఆ గింజలకు మత్తు ఉండదు, పంటి కింద కరకరలాడతాయి. అన్నిటికంటే నాకు నచ్చేది అల్లం. ముందు కమలా వాసన వస్తుంది, తర్వాత సాన్షో నాలుకను కాస్త జివ్వుమనిపిస్తుంది, చివర్లో గొంతులో అల్లం వెచ్చదనం మిగులుతుంది. నాగానో కొండల చలికి ఆ వెచ్చదనం అవసరమే.

షిచిమి పుట్టింది మాత్రం అక్కడ కాదు. 1625లో ఎదోలో, అంటే ఇప్పటి టోక్యోలో, వైద్యులూ మందుల వ్యాపారులూ ఎక్కువగా ఉండే యాగెన్‌బోరి ప్రాంతంలో మొదలైంది. మందు దినుసులను రుచి కోసం కలపాలన్న ఆలోచన అక్కడిదే. ఆ పేరుతోనే ఉన్న దుకాణం ఇప్పుడు అసాకుసాలో ఉంది. వాళ్ల మిశ్రమంలో అల్లం ఉండదు. వేయించిన మిరప, గసగసాలు ఉంటాయి. అదీ వాడాను, ఘాటు ఎక్కువ, బాగుంటుంది.

యావతాయా వాళ్ల చరిత్ర 1736లో మొదలైంది. మొదటితరం యజమాని జెన్‌కోజి దగ్గర అమ్మకం మొదలుపెట్టాడు. తేలికగా ఉండి, దారిలో పాడవదు కాబట్టి యాత్రికులు ఇంటికి పట్టుకెళ్లడానికి అనువైన వస్తువు. ఇప్పుడు అందరూ గుర్తుపట్టే, గుడి బొమ్మ ఉన్న డబ్బా 1924 నాటిది. క్యోటోలో కియోమిజు గుడి దారిలో ఉన్న షిచిమియా హొంపోతో కలిపి ఈ మూడింటినీ జపాన్‌లో పెద్ద షిచిమి దుకాణాలుగా చెబుతారు.

వాడకం గురించి చెప్పాలంటే, దీన్ని పొయ్యి మీద వేయకండి. నూనెలో వేస్తే కమలా, షిసోల వాసన పోతుంది. సోబా, ఊదోన్ లాంటి నూడుల్స్, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్ దించాక పైన చల్లితే చాలు. మా ఇంట్లో పెరుగన్నం మీద కూడా చల్లుతాం, అల్లం ఉండటంతో చక్కగా కుదురుతుంది. పప్పులో మాత్రం తాలింపు ముందు నిలబడదు. గుంటూరు కారం అలవాటైన నాలుకకు కారం తక్కువే అనిపిస్తుంది. కారం కోసమైతే మామూలు మిరపపొడి వాడుకోండి, ఇది వాసన కోసం.

మామూలు డబ్బాలో ఉండేది 14 గ్రాములే. చిన్నదనిపిస్తుంది కానీ ఆ పరిమాణమే సరైనది. మూత తీశాక వారాలు గడిచేకొద్దీ ఏ పొడి మసాలాకైనా వాసన తగ్గుతుంది, వేసవిలో మరీను. మూత గట్టిగా బిగించి ఫ్రిజ్‌లో పెడుతున్నాం. ఇండియాలో ఉన్నవాళ్లకి ఎవరైనా తెచ్చిస్తామంటే, పెద్ద ప్యాకెట్ ఒకటి కాకుండా చిన్న డబ్బాలు రెండు అడగండి.